కాంటా మీద కౌసల్యమ్మ

తాండూరు గంజ్‌లో రాధాకిషన్‌ది కందిపప్పు కొట్టు. పొద్దున బేరాలు మొదలుకాకముందే ఆయన భార్య కౌసల్యమ్మ చెప్పులు విడిచి, బస్తాలు తూచే కాంటా మీదికెక్కి నిలబడేది. అరవై దాటాక ఈ అలవాటు పట్టుకుంది. బరువు తగ్గితే గాని మోకాళ్ళ ఆపరేషన్ చెయ్యనని వికారాబాద్‌లో ఎముకల డాక్టరమ్మ చెప్పింది మరి.

"ఇంక జర దిగినవ్," అనేవాడు రాధాకిషన్ అంకెలు చూసి. "తేమ మొత్తం పోయింది. ఇప్పుడు నువ్వు నంబర్ వన్ సరుకు."

"సిగ్గు లేదా? హమాలీలు వింటరు."

కసురుకునేదే గాని, ఆ మాట కోసమే మర్నాడు మళ్ళీ ఎక్కేది. పచ్చి కంది బరువు తూగుతుంది, బాగా ఎండినదే మంచి సరుకు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి అదే. మనిషి కూడా తేలికైతే మేలే కదా అనుకుంది.

ముందుగా మానేసింది పప్పునే. పప్పు వాతం చేసి కీళ్ళు పట్టేస్తుందని వాళ్ళమ్మ అనేది. తర్వాత పాలు, పెరుగు కూడా పోయాయి. పొద్దున సగం జొన్నరొట్టె, రాత్రికి పలచటి చారు మిగిలాయి. డాక్టరమ్మ నేర్పిన కసరత్తులు సిగ్గేసి వదిలేసింది.

ఆమె భయం నొప్పి గురించి కాదు. అత్తగారు చివరి రోజుల్లో ఆ ఇంట్లోనే మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టింది కౌసల్యమ్మే. చంకల కింద చేతులు వేసి లేపుతుంటే ముసలామె గట్టిగా కళ్ళు మూసుకునేది. రేపు కోడలు వైశాలి తనను అలా ఎత్తకూడదు. ఈ ఆకలంతా అందుకే.

చుట్టాల పెళ్ళిలో అందరూ ఆమెనే చూశారు.

"మస్తు సన్నగైనవ్ వదినా! ఏం తింటున్నవ్?"

"ఏం తింటలేను. గదే మందు."

గాజులు మోచేతి దాకా జారుతుంటే సంబరపడింది. ఈమధ్య బాత్రూంలో గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ చూపించుకోవడానికి వైశాలితో రైల్లో వికారాబాద్ వెళ్ళింది. దిగేటప్పుడు కాలు వణికింది.

"నా చెయ్యి పట్టుకోండి అత్తమ్మా."

"నేనేమన్న ముసల్దాన్నా? జరుగు."

డాక్టరమ్మ బరువు చూసి నవ్వింది. "చేతులు ఆనించకుండ కుర్చీలోంచి లేవండమ్మా," అంది.

పోయినసారి మూలుగుతూనైనా లేచింది. ఇప్పుడు ముందుకు వంగింది, తొడలు గజగజలాడాయి, సగం లేచి కుర్చీలో పడిపోయింది. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. తొడ నొక్కి చూసింది.

"కండ పోయిందమ్మా. ఏం తింటున్నరు?"

కౌసల్యమ్మ చెప్పింది.

"పప్పు గూడ మానేసిన్రా?"

"మాది పప్పు కొట్టే మేడం," అని వైశాలి నవ్వబోయి, అత్త ముఖం చూసి ఊరుకుంది.

"ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ఈ కాళ్ళు మిమ్మల్ని నిలబెట్టవు. ముందు కండ రావాలె."

"వస్తదా డాక్టరమ్మా?"

"పోయినంత జల్ది రాదు. మంచిగ తినాలె. రోజూ కుర్చీల కూసొని లేవాలె."

బయటికి రావడానికి కౌసల్యమ్మ మళ్ళీ ప్రయత్నించింది. కాళ్ళు సహకరించలేదు. వైశాలి వెనక నుంచి చంకల కింద చేతులు వేసి లేపింది. కౌసల్యమ్మ కళ్ళు మూసుకుంది.

మర్నాడు కొట్లో రాధాకిషన్ కాంటా మీది దుమ్ము దులిపి, "రా, ఎక్కు," అన్నాడు.

ఆమె కాంటా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇంట్లో తిన్న ముద్దపప్పు ఇంకా కడుపులో బరువుగా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని లేవబోయింది. నడుము కాస్త పైకి లేచి, మళ్ళీ కూలబడింది. రాధాకిషన్ కంగారుగా చెయ్యి చాపాడు.

"ముట్టకు," అంది కౌసల్యమ్మ. పాదాలు సర్దుకుని మళ్ళీ ముందుకు వంగింది.