బండి నిలబడితేనే కుదిరే కాజా

మా ఆడపడుచు గురించి నాలుగు మంచి మాటలు రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడకూ నాకూ పడదు. కూరలో ఉప్పు వేశానంటే ఎక్కువైందంటుంది, వెయ్యలేదంటే అందుకే చప్పగా ఉందంటుంది. అయినా ఈ రైలు వాళ్ళు చేసిన నిర్వాకం చూశాక ఒళ్ళు మండి, ఆవిడ పక్షాన నోరు విప్పక తప్పలేదు. మా ఆడపడుచును తిట్టాలంటే నేను తిట్టాలి. ఎక్కడి వాళ్ళో వచ్చి ఆవిడ చేతిలో పని లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకోవడానికి నేనేం గోడకు కొట్టిన మేకును కాను.

రైల్లో అందరూ ఆవిడను సూది పిన్ని అంటారు. పట్నంలో కోట్లు కుట్టే దుకాణం ఒకటుంది. అక్కడి మేస్త్రీ గుడ్డ కత్తిరిస్తాడు, మిషన్ మీద కుడతాడు, కాజాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. అక్కడి నుంచి పని ఆవిడది. కాజా అంటే బొత్తాం దూర్చే కంత. చొక్కాకైతే మిషన్ చాలు. మంచి కోటుకు మాత్రం చేత్తోనే కుట్టాలి. కంత అంచు వెంట లావు దారం పరిచి, దాని మీదుగా ముడి పక్కన ముడి, చీమల బారులా వేసుకుంటూ పోవాలి. ఒక్క ముడి ఎత్తుగా పడినా, వేసుకున్నవాడికి తెలియకపోయినా, ఆవిడకు మాత్రం ఆ పూట అన్నం సయించదు.

ఆవిడ చెయ్యి నెమ్మది. దాన్నే ఆవిడ మొగుడు రోజూ దెప్పేవాడట. అన్నం పెట్టడం నెమ్మది, గిన్నె తోమడం నెమ్మది, నడక నెమ్మది అని. ఒకరోజు ఆయనకు కంచంలో అన్నీ వడ్డించి, ఆయన పెరుగులోకి వచ్చేలోగా ట్రంకు పెట్టె పట్టుకుని మా ఊరి బండెక్కేసింది. నెమ్మది మనిషి జన్మలో తొందరపడింది ఆ ఒక్కసారే. మా ఆయన చెల్లెల్ని ఏమీ అనలేదు. నేను కొంచెం అన్నాను. ఆవిడ నా జాకెట్టుకు ఊడిపోయిన హుక్కు కుట్టి ఇచ్చింది.

మాది రెండు గదుల ఇల్లు. ఒకదాంట్లో పొయ్యి, ఇంకోదాంట్లో మిగతా ప్రపంచమంతా. కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ పుస్తకాలు, ఆరీ ఆరని బట్టలు. తాలింపు వేస్తే వాసన గోడలకు పడుతుంది. అందుకని ఆవిడ తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది: కోట్ల మూట ఇంట్లో విప్పదు. తెల్ల దుప్పట్లో చుట్టి, పైన కొక్కేనికి తగిలిస్తుంది. పొద్దున్నే దించి భుజాన వేసుకుంటుంది. పైగా నల్ల గుడ్డ మీద నల్ల దారం బల్బు వెలుగులో ఎవరికి కనపడుతుంది? పగటి వెలుతురే కావాలి. అందుకని ఆవిడకు పని చేసుకునే గది రైలే అయింది. ఇన్నేళ్ళలో మా ఇంటి నూనె వాసన కొట్టిన కోటు ఒక్కటి కూడా దుకాణానికి తిరిగి రాలేదు. మా ఇంటి గురించి ఆవిడ చెప్పుకునే గొప్ప అదొక్కటే.

నేనూ అదే బండిలో పట్నం వెళతాను. అక్కడ ఒక మెస్సులో కూరగాయలు తరుగుతాను. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వస్తాం. పగటి పూట కొద్ది దూరం రైలు ప్రయాణమంటే సుఖం లేదని నేననను. చల్లటి గాలి మొహాన కొడుతుంది. ఇంట్లో ఎవరూ అడగని సంగతులు అక్కడ అడుగుతారు. నడుం వాల్చేంత సేపు ఉండదు గనక సామాన్లు, పరుపులు, దిండ్లు అంటూ రభస లేదు. కష్టాలంటారా, అవీ ఉన్నాయి. కుళాయిలో నీళ్ళు రావు. పక్కవాడు మన భుజాన్ని సొంత తలగడ అనుకుంటాడు. ఫోనులో పాటలు పెట్టేవాడు పెట్టె మొత్తానికీ పెడతాడు. కిటికీలోంచి కర్చీఫ్ విసిరేసి ఆ సీటు తాత ఆస్తి అన్నట్టు కూర్చునే వాళ్ళతో నేను పోట్లాడని రోజు లేదు. కానీ కిటికీ పక్క సీటు, ఎండ పడే వైపుది, సూది పిన్నిది. దాని మీద ఎవరూ కర్చీఫ్ వెయ్యరు. ఎవరైనా కొత్తవాడు తెలియక కూర్చుంటే, రోజూ మాతోపాటు వచ్చే బ్యాంకు గుమాస్తా వాడికి మర్యాదగా చెబుతాడు. వినకపోతే నేను చెబుతాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మా పాత బండి ప్రతి చోటా ఆగేది. పెద్ద బండి ఏది వెనక నుంచి వచ్చినా పక్కకు తప్పుకుని నిలబడేది. పట్నం ఇంకాస్త దూరంలో ఉందనగా సిగ్నల్ దగ్గర తప్పకుండా ఆగేది. అందరూ గడియారం చూసుకుని తిట్టుకునేవాళ్ళు. ఆవిడ ఒక్కతే దానికోసం చూసేది. బండి నడుస్తున్నప్పుడు కింది కాజాలు, చేతి దగ్గరవి కుట్టేది. కాలరు మడత మీద ఉండే కాజాను మాత్రం ముట్టుకునేది కాదు. అది అందరి కళ్ళూ పడే చోటు. అక్కడ చెయ్యి కదిలితే కుదరదు. బండి సిగ్నల్ దగ్గర నిలబడగానే వెలుతురు వైపు తిరిగి దాన్ని మొదలుపెట్టేది. బండి కదిలేసరికి దారం కొరికేది. జనం నిట్టూర్చే చోట ఆవిడ ఊపిరి బిగపట్టి కుట్టుకునేది.

ఆ బండిని తీసేసి వేగం బండి వేశారు. దండలు వేశారు, జెండా ఊపారు, మిఠాయి పంచారు. మా ఊరు దాటితే ఇక పట్నం దాకా ఎక్కడా ఆగదట, దారిలో దేనికీ తప్పుకోదట. పట్నం ఎంత తొందరగా వస్తుందో చూడమని బ్యాంకు గుమాస్తా సొంత కూతురి పెళ్ళి కుదిరినంత సంబరపడ్డాడు. అంత తొందరగా వెళ్ళి ఏం చేస్తావయ్యా అని అడిగాను. ఆఫీసు ముందు టీ తాగుతాడట. ఆ టీ కోసం దారిలో ఉన్న చిన్న స్టేషన్ల వాళ్ళందరినీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, మొహాన దుమ్ము కొట్టి పోతున్నాం. రోజూ పాల క్యాన్లతో ఎక్కే మనిషిని ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు.

మా సూది పిన్ని సంగతి వేరే చెప్పాలా? కింది కాజాలే సగంలో ఉండగా పట్నం వచ్చేసేది. కాలరు కాజాకు చోటే లేదు. కొత్త బండి పరుగెత్తుతూ ఊగుతుంది కూడా. మొదటిసారి మేస్త్రీ గొణిగాడు. రెండోసారి గట్టిగానే అన్నాడు. చివరికి, కొత్తగా తెరుస్తున్న ఒక హోటల్ వాళ్ళ కోట్లు చేతిలో పెట్టి, ఇవి రేపు పొద్దున్నే నా బల్ల మీద లేకపోతే కాజాలు కుట్టే మిషన్ తెచ్చుకుంటాను, నువ్విక రావక్కర్లేదని చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం మా ఊళ్ళో దిగగానే ఆవిడకు చెప్పకుండా స్టేషన్ మాస్టరు గదికి వెళ్ళాను. ఫిర్యాదు ఏమిటని అడిగాడు.

"బండి తొందరగా వెళుతోంది బాబూ" అన్నాను.

ఆలస్యంగానా అని అడిగాడు. కాదు, తొందరగానే అన్నాను. ఆయన లోపలున్న ఇంకొకాయన్ని పిలిచి మళ్ళీ చెప్పించాడు. ఇద్దరూ నవ్వారు. ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి ఇలాంటి ఫిర్యాదు వినలేదన్నారు. వినకపోతే ఇప్పుడు వినండి, అందరినీ మోసుకెళ్ళే బండికి అందరి పనీ పట్టాలి కదా అన్నాను. కాసేపు సిగ్నల్ దగ్గర ఆపితే మీ సొమ్మేం పోతుంది అన్నాను. కోటు కాజాల కోసం రైలు ఆపమంటారా అమ్మా అని మళ్ళీ నవ్వాడు. పాత రోజుల్లో ఏ కారణమూ లేకుండానే ఆపేవారు. ఇప్పుడు కారణం చెబితే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున బండిలో ఆవిడ తల ఎత్తలేదు. నేను కూడా మాట్లాడించలేదు. పట్నం వచ్చేసరికి సంచులు తీసుకుని, జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి, దిగవే అన్నాను. ఊఁ అంది. నా వెనకే వస్తోందనుకుని దిగాను. వెనక్కి తిరిగి చూస్తే మనిషి లేదు. కిటికీ అద్దంలోంచి కనపడింది. కాలరును వెలుతురు వైపు తిప్పుకుని కుట్టుకుంటోంది.

నాకు అప్పుడర్థమైంది. బండి నిలబడింది కదా, సిగ్నల్ దగ్గర అనుకుంది. ఇన్నేళ్ళుగా పట్నానికి ముందు నిలబడడమంటే ఆవిడకు అదే. తల ఎత్తి చూడాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. అద్దం మీద బాదాను. ఆ అద్దాలు తెరుచుకోవు, చప్పుడు లోపలికి పోదు. తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి. బండి వెళ్ళిపోయింది. ఇక పట్నం అవతల ఉన్న జంక్షన్ దాకా ఆగదు. హోటల్ వాళ్ళ కోట్లన్నీ ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి.

మెస్సుకు వెళ్ళలేదు. నేరుగా దుకాణానికి వెళ్ళాను. మేస్త్రీ మెడలో టేపు వేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. హోటల్ మనిషి లోపల స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. ఊరికే చెప్పలేదు, రైలు వాళ్ళతో మొదలుపెట్టి మేస్త్రీ దాకా వచ్చాను. నీ దుకాణానికి పేరు తెచ్చింది ఎవరి వేళ్ళు, ఇంత పెద్ద దుకాణంలో ఆవిడ కూర్చోడానికి వెలుతురున్న మూల ఒకటి చూపించలేకపోయావే అన్నాను. ఆయన చుట్టూ చూపించాడు. నిజమే, నిలబడడానికే చోటు లేదు. అయినా నేను తగ్గలేదు.

"అక్కా, నీతో నాకు గొడవ లేదు. కోట్లేవి?" అన్నాడు.

గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. ఆయన మిషన్ కొట్టువాడికి ఫోను చేశాడు. చెయ్యడం నాకు వినపడాలనే చేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చేటప్పటికి ఆవిడ వచ్చింది. అదే నడక. భుజాన అదే మూట. పరుగెత్తలేదు, చెమట పట్టలేదు. బల్ల మీద దుప్పటి విప్పింది. కోట్లన్నీ పూర్తయ్యాయి. మేస్త్రీ ఒక్కొక్కటే తీసి కాలరు మీద వేలితో రాసి చూశాడు. ఇవెప్పుడు కుట్టావని అడిగాడు.

జంక్షన్ నుంచి పట్నానికి వెనక్కి వచ్చే దార్లో ఇంకా పాత రకం బండే నడుస్తోందట. దాని మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదు. అది ప్రతి చోటా ఆగిందట, రెండుసార్లు పెద్ద బండ్లకు తప్పుకుని నిలబడిందట, సిగ్నల్ దగ్గర మరీ తీరిగ్గా ఆగిందట. మధ్యలో టికెట్టు ఆయన వచ్చి, పట్నం దాకా పాసు పెట్టుకుని ఇంత దూరం ఎలా వచ్చావని నిలదీశాడట. ఈవిడ ఆయన కోటు చూసిందట. కాజా చిరిగి పోగులు వేలాడుతున్నాయట. విప్పి ఇమ్మని తీసుకుని, కుట్టి ఇచ్చిందట. ఆయన వేసుకుని, బొత్తాం పెట్టుకుని, బాగుందని మెచ్చుకుని, ఆ తర్వాత జరిమానా రాశాడట. ఆ మాట వినగానే నాకు పొద్దుటి నుంచి వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అయింది. సగం కుట్టి ఆపాల్సింది కదే అన్నాను. సగంలో ఎలా ఆపుతారు వదినా అంది.

హోటల్ మనిషి కోట్లు తీసుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ మిషన్ మాట ఎత్తబోయాడు. ఆవిడ దుప్పటి మడత పెట్టుకుంటూ తల తిప్పకుండా చెప్పింది.

"పొద్దున్నే ఇవ్వలేను అన్నయ్యా. రోజూ మధ్యాహ్నానికి ఇస్తాను. చేతికుట్టు కావాలంటే అప్పటి దాకా ఆగు. ఆగలేనంటే మిషన్ తెచ్చుకో, నేనేం అనుకోను."

ఆవిడ అంత పొడుగు మాట ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. మేస్త్రీ కాసేపు టేపును వేలికి చుట్టాడు, విప్పాడు. తర్వాత లోపలికి వెళ్ళి కొత్త కోట్ల కట్ట తెచ్చి దుప్పటి మీద పెట్టాడు. మధ్యాహ్నమంటే భోజనానికి ముందా తర్వాతా అని మాత్రం అడిగాడు. నాకేం తెలుసు, బండి ఆగిన దాన్నిబట్టి అంది.

ఇప్పుడావిడ పాసు జంక్షన్ దాకా తీసుకుంది. పొద్దున ఇద్దరం ఒకే బండెక్కుతాం. పట్నం వచ్చాక నేను దిగుతాను, ఆవిడ దిగదు. దిగాల్సిన ఊరు దాటి అంత దూరం వెళ్ళి, వెనక్కి నెమ్మదిగా వచ్చి అదే ఊళ్ళో దిగుతుంది. వేగం బండి వేసి రైలు వాళ్ళు మా ఇంటికి చేసిన మేలు ఇది. పొద్దున ప్రయాణం మునుపటికన్నా ఎక్కువైంది. ఆవిడ ఆకలికి ఆగలేదని నేనే డబ్బా కట్టి ఇస్తున్నాను. అందులో ఉప్పు ఎక్కువైందని రోజూ చెబుతూనే ఉంది.

ఆ పాత బండిని కూడా త్వరలో తీసేసి వేగంది వేస్తారని మొన్న బ్యాంకు గుమాస్తా సంబరంగా చెప్పబోయాడు. సూది పిన్ని కుట్టు మీంచి తల ఎత్తలేదు. నేను ఎత్తాను. ఆయన మాట మధ్యలోనే ఆపి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.