రోడ్డు వైపు పుస్తకాలు

మా కొట్టు ఆమదాలవలసలో, స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో ఉంది. పెన్నులు, నోటు పుస్తకాలు, పరీక్షల గైడ్లు, జెరాక్స్. రైలు దిగి వచ్చేవాళ్ళకి మొదట కనిపించేలా రోడ్డు వైపున ఒక ర్యాకు పెట్టాను. అందులో గైడ్లు ఉండవు, మన ప్రాంతం గురించి రాసిన పుస్తకాలుంటాయి. నీళ్ళు నిలిచే తంపర పొలాల్లో దిగే పిట్టల గురించి ఒకటి. భావనపాడు నుంచి సముద్రం ఒడ్డునే నడుచుకుంటూ పోయిన ఒకాయన రాసింది ఒకటి. కొండదారుల మీద ఒకటి, ఊరూరి అమ్మవార్ల కథలు ఒకటి. రాసినవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన మాస్టార్లు. సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని, మంచాల కింద దాచుకుని, చివరికి స్కూటరు మీద తెచ్చి మా కొట్లో దింపుతారు. ఇప్పటిదాకా ఎవరినీ కాదనలేదు. ఇకముందు కూడా అనను.

ఈ పిచ్చి నాకు గజపతినగరంలో పట్టింది. అక్కడ మా నాన్నది కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఒకరోజు బెల్లం పొట్లం కట్టబోతూ చేతిలో కాగితం చూస్తే, అందులో మా ఊరి సంత ఉంది. ఎడ్లను ఎక్కడ కడతారో, చింతపండు ఏ కొండ నుంచి దిగుతుందో, అన్నీ రాసి ఉన్నాయి. ముందు పేజీ లేదు, తరవాతి పేజీ లేదు. అప్పటికి నేను చదివిన పుస్తకాల్లో ఊళ్ళన్నీ ఎక్కడివో. మా ఊరు కూడా అచ్చులోకి ఎక్కుతుందని నాకు అంతవరకూ తెలీదు. ఆ కాగితంలో బెల్లం కట్టనని మొండికేశాను. నాన్న తిట్టి ఇంకో కాగితం తీసుకున్నాడు.

బయటివాళ్ళు నా పుట్టిల్లు, అత్తిల్లు ఉన్న ఈ రెండు జిల్లాల గురించి రాస్తే మొదటి మాట 'వెనుకబడిన' అని ఉంటుంది. రెండో మాట వలసలు. తరవాత అరకు వెళ్ళిపోతారు. మా దారంట ఏమీ లేనట్టు, రైలు కిటికీలోంచి చూసినంతే మా బతుకు అన్నట్టు రాస్తారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా ర్యాకు చూసి, "ఇక్కడ చూసేవి కూడా ఉన్నాయా ఆంటీ?" అన్నాడు. పిట్టల పుస్తకం చేతిలో పెట్టి, చదివాక వచ్చి మాట్లాడమన్నాను. దూరపు కొండలు నునుపు అంటారు. మా కొండలు దగ్గరగా ఉన్నాయి, గరుకుగా ఉన్నాయి. ఆ గరుకే నాకు కావాలి.

మా మావయ్యకి, అదే మా ఆయన నాన్నకి, ఇదంతా దండగ వ్యవహారం. ఈ కొట్టు పెట్టింది ఆయనే. ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించేది ఆయనే. ర్యాకు వైపు చూసినప్పుడల్లా ఆయన మాట ఒకటే.

"మనూరి గురించి మనూరోడికి పుస్తకమేటమ్మా? కళ్ళు నేవా?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా అని నేను దెప్పేదాన్ని. ఆయన వినిపించుకునేవాడు కాదు. మా ఆయన శ్రీకాకుళంలో ఉద్యోగానికి పోయి సాయంత్రం వస్తాడు. ఈ తగవులో ఆయన ఏ పక్షమూ కాదు.

గైడ్ల కంపెనీ ఏజెంటు ఒకడు ఏడాదిగా ఆ ర్యాకు మీద కన్నేశాడు. రోడ్డు వైపున గ్రూప్సు, డీఎస్సీ, కానిస్టేబుల్ గైడ్లు పేరిస్తే రైలు దిగిన పిల్లలు కొట్లోకి రాక ఎక్కడికి పోతారు అంటాడు. అన్యాయమేమీ కాదు. ఆ పిల్లలకి ఉద్యోగాలు కావాలి. గైడ్లు లోపల మూడు గోడలకీ ఉన్నాయి, రోజూ నేనే అమ్ముతాను. నాలుగోది కూడా ఇవ్వమంటేనే నాకు కోపం.

ఒకరోజు పొద్దున్న నేను టీ ఫ్లాస్కు పట్టుకుని కొట్టుకి వెళ్ళేసరికి ర్యాకు బోసిగా ఉంది. పుస్తకాలన్నీ పురికొసతో రెండు కట్టలు కట్టి వెనక తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి. పాత కాగితాలవాడు వచ్చే తలుపు అది.

"మద్దేనానికి ఏజెంటు సరుకు దించుతాడమ్మా," అన్నాడు మావయ్య, నా మొహం చూడకుండా అగరొత్తి గుచ్చుతూ.

"నన్నడగకుండా ఎలగ కట్టేసినారు?"

"అడిగితే ఒప్పుకుంతావేటి?"

"ఒప్పుకోను. ఇవి కాగితాలోడికి ఎల్తే రేపట్నించి నేనూ కొట్టుకి రాను. జెరాక్స్ మిషను మీరే తిప్పుకోండి."

బెదిరింపు కాదు. నిజంగానే అన్నాను. ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఏదో అనబోయాడు. అప్పుడే గుమ్మంలోకి ఇద్దరు మనుషులు వాదులాడుకుంటూ వచ్చారు.

వాళ్ళు బావా బావమరుదులు. వాళ్ళ ఊళ్ళు రెండూ పక్కపక్కనే, మధ్యలో పారే గెడ్డ ఒకటే అడ్డం. రెండూళ్ళ అమ్మవార్లూ అక్కాచెల్లెళ్ళు. ఏటా సంబరానికి చెల్లి ఊరివాళ్ళు అక్క ఊరికి చీర మోసుకెళ్ళాలి. ఎవరు అక్క, ఎవరు చెల్లి అన్నదే తగువు.

"అమ్మోర్ల పుస్తకం ఉన్నాదట కదా మీ కాడ. అదియ్యండి," అన్నాడు బావ.

"అందులో ఏటి రాసుంటే అదే. ఇంక మాట్నేదు," అన్నాడు బావమరిది.

చేతులు కట్టుకుని మావయ్య వైపు చూశాను.

మా వర్తకుల ఇళ్ళలో కొన్ని మాటలు పలకరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. బోణీ వేళ వచ్చిన మొదటి బేరాన్ని వట్టి చేతులతో పంపరు, 'లేదు' అన్న మాట అసలు రానివ్వరు. వస్తే ఆ రోజంతా ఆ మాటే వినాలంటారు. సరుకు లేకపోతే పక్క కొట్టు నుంచి తెచ్చయినా ఇస్తాడు మావయ్య. అలాంటి మనిషికి అడిగిన సరుకు వెనక తలుపు దగ్గర కట్ట కట్టి ఉంది.

ఆయన నన్నొకసారి చూశాడు. నేను కదల్లేదు. నెమ్మదిగా వెళ్ళి, వంగి, తాను వేసిన ముళ్ళు తానే విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా వేసుకున్నాడు పాపం. గోళ్ళతో రాక చివరికి పళ్ళతో లాగాడు. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ ఆయనే వెతికి పైకి చదివాడు. గెడ్డకి ఇవతల అడిగితే ఇవతలి తల్లే అక్క, అవతల అడిగితే అవతలి తల్లే అక్క, రెండు కథలూ వింటేనే సంబరం పూర్తవుతుంది అని రాసి ఉంది.

"ఇద్దరూ అక్కలేటి బావా?" అన్నాడు చిన్నవాడు.

"ఉండ్రా. మా తాత సెప్పిన ముక్క అచ్చయిపోనాది, సూడు!" అన్నాడు పెద్దవాడు, అక్షరాల మీద వేలు పెట్టి.

తగువు తీరలేదు. ఎవరి పుస్తకం వాళ్ళకి కావాలని రెండు కొనుక్కుని, వచ్చినట్టే వాదులాడుకుంటూ వెళ్ళారు.

కట్ట విప్పడం అయింది, ఇక మళ్ళీ కడతాడని ఎదురుచూశాను. మావయ్య కట్టలేదు. అమ్మవార్ల పుస్తకమే ఇంకో కాపీ తీసి స్టూలు మీద కూర్చున్నాడు. పేజీలు తిప్పుతున్నాడు. ఏటి ఒడ్డు ఊళ్ళ దగ్గర ఆగాడు, వేలు పెట్టి ఒక్కొక్క పేరే కిందికి దిగాడు, మళ్ళీ పైకెళ్ళాడు. టీ చల్లారిపోయింది.

"మా అమ్మోళ్ళూరు ఇందులో నేదేటి?" అన్నాడు.

కోపం ఇంకా నా ముక్కు మీదే ఉంది. ఊరుకోలేకపోయాను.

"పుస్తకమెందుకు మావయ్యా? కళ్ళు నేవా?"

ఆయన కళ్ళజోడు తీశాడు.

"కళ్ళున్నాయమ్మా. ఊరే నేదు."

ఆయన తల్లి పుట్టిన ఆ ఊరు రిజర్వాయరు కింద మునిగిపోయిందని నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పారు. ఆయన నోట మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఫోన్లో మేపు సూసినాను. ఆ సోట నీలంగా ఉన్నాది, అంతే," అన్నాడు.

అయినా నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ మాట ఆయనది, ఏళ్ళ తరబడి నన్నన్నది. పైగా నాకు అప్పుడు జాలి కన్నా కోపం ఎక్కువ వచ్చింది, ఆయన మీద కాదు. నీళ్ళు ఊరిని ముంచాయి, సరే. ఆ ఊరు పుస్తకంలో కూడా లేకుండా పోవాలని ఎవరు రాసిపెట్టారు?

బిల్లు కాగితాలు ముందుకు లాక్కుని, పెన్ను తీసి, "సెప్పండి. నేను రాస్తాను," అన్నాను.

"నువ్వేటి రాస్తావు?"

"మీరు సెప్పిందే రాస్తాను. ఏరు దాటి ఎలగ ఎల్లీవోరో అక్కడ్నించి సెప్పండి."

మొదట గొణిగాడు. తరవాత ఆగలేదు. వాళ్ళ తాత కొట్టు అరుగు, పడవ లేనప్పుడు నెత్తిన మూటతో దాటే రేవు, ఇసుకలో పండే దోసకాయలు, వాన ముందు ఏటి మీదుగా వెళ్ళే తెల్ల కొంగలు. ఊరు ఖాళీ చేసిన రోజు అమ్మవారి రాతిని ట్రాక్టరు మీద తీసుకొచ్చి కొత్త కాలనీలో దింపారట. అమ్మవారిని ఏ వైపు తిప్పి నిలబెట్టాలో ఎవరికీ తెలియలేదట. ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడ ఏటి వైపు చూసేది. కాలనీలో ఏరు లేదు. జెరాక్స్ కోసం వచ్చినవాళ్ళని నేను కాసేపు ఆగమన్నాను. ఎవరూ విసుక్కోలేదు, నిలబడి విన్నారు.

మధ్యాహ్నం ఏజెంటు ఆటోలో గైడ్ల పెట్టెలతో దిగాడు. ర్యాకు బోసిగా ఉండటం చూసి మొహం వెలిగిపోయింది. నేను లేచేలోపు మావయ్య లేచాడు. కట్టలోంచి పుస్తకాలు తీసి ఒక్కొక్కటే ర్యాకులో పేర్చడం మొదలుపెట్టాడు. పై వరసలో, సరిగ్గా మధ్యలో, ఒక పుస్తకం పట్టేంత సందు వదిలాడు.

"అదేంటండీ, ఖాళీగానే ఉంది కదా!" అన్నాడు ఏజెంటు ఆ సందు చూపించి.

"ఖాళీ నేదు బాబూ," అన్నాడు మావయ్య. "అక్కడికి మా ఊరు వస్తాది."