శనివారం భోజనం, మస్కడైన్ వైన్

నాలుగు నెలలు నానబెట్టి, మొన్న మంగళవారం నా వీసా ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ చేశారు. ఆ సంతోషంలో ఉత్తర జార్జియా కొండల్లో ఒక ద్రాక్షతోటలో భోజనం బుక్ చేశాను. అక్కడి పాతకాలపు వంటలు, వాళ్ళ సొంత వైన్‌తో పెడతారు, అదీ శనివారం మాత్రమే. తలకి నలభై ఐదు డాలర్లు, రిఫండ్ లేదు.

పదింపావుకి మేముండే కమ్మింగ్‌లో బయల్దేరాం. నలభై నిమిషాల దారికి గంటంపావు పట్టింది. ఆకులు రంగు మారే రోజులు, అవి చూడ్డానికి అట్లాంటా మొత్తం ఆ రోడ్డు మీదే ఉంది. మా ఆయన సుధాకర్ దారంతా స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతూనే ఉన్నాడు. ట్రాఫిక్ చిరాకనుకున్నాను.

పదకొండున్నరకి కూర్చున్నాం. మస్కడైన్ అంటే అక్కడి మందపాటి తొక్క ద్రాక్ష, దాని వైన్ తియ్యగా ఉంటుంది. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర, వేయించిన వాగు చేప వరసగా వచ్చాయి. సుధాకర్ తన గ్లాసు నా వైపు జరిపాడు.

"ఇయ్యాల శనివారం కదా. నేను ముట్ట."

ఒళ్ళు మండింది. పదేళ్ళ కాపురంలో శనివారం బిర్యానీ మానని మనిషి! పోనీ ఆకుకూర తినమన్నాను. వడ్డిస్తున్న పెద్దావిడ అందులో పంది మాంసం ఉందంది. చిక్కుళ్ళలోనూ ఉందట, రొట్టె పంది కొవ్వుతో కాల్చారట. వెళ్ళే మనవాళ్ళు ఆకుకూర అని నమ్మకండి. ఇక మిగిలింది ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. అవి ఒలుచుకుంటూ కూర్చున్నాడు మహానుభావుడు. ఒంట్లో బాగోలేదనుకుందేమో, ఆవిడ జాలిపడి ఇంకో పొట్లం కట్టిచ్చింది. చేప బాగుందనే చెప్పాలి. కానీ కలిసి తిందామని వచ్చి ఒక్కదాన్నే తింటే ఏం రుచి తెలుస్తుంది?

ఒంటిగంటన్నరకి కారెక్కాం. ఈ భక్తి ఎప్పటినుంచని నిలదీశాను.

"నీ ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయితే శనివారాలు నాన్‌వెజ్, మందు బంద్ అని వెంకన్నకి మొక్కుకున్న. చెప్తే నవ్వుతవని చెప్పలే."

ఆ నాలుగు నెలలు నిద్రపోనిది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఎన్ని వారాలని మెల్లిగా అడిగాను.

"గ్రీన్ కార్డ్ వచ్చేదాక."

గ్రీన్ కార్డ్ కోసం మనవాళ్ళ లైన్ ఎన్నేళ్ళ పొడవుందో ఇద్దరికీ తెలుసు. అది వచ్చేసరికి ఆ చేప నమలడానికి మాకు పళ్ళుండవు. నా కోసం మొక్కుకునేవాడు నన్నొక మాట అడిగి మొక్కుకోకూడదూ? పొట్లం విప్పి, కమ్మింగ్ వచ్చేదాకా కాయలు ఒలుస్తూ, తిడుతూ, డ్రైవ్ చేస్తున్న అతని నోట్లో పెడుతూనే ఉన్నాను.