ఏడుపులో నీళ్లు లేని రోజు

మా చిన్నవాడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు, కళ్లలో మాత్రం చుక్క నీరు లేదు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, వాడి చెంప తుడవబోయిన నా కొంగు పొడిగానే తిరిగి వచ్చినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఈమధ్య వాడు బొమ్మ కోసం ధారగా ఏడుస్తుంటే కసరడం మాని కాసేపు చూస్తూ నిలబడిపోతున్నాను. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది.

కాజీపల్లిలో మా ఇంట్లో నీళ్లకు హోదాలున్నాయి. బోరు నీళ్లు అంట్లకు, ట్యాంకర్ నీళ్లు స్నానాలకు, క్యాన్ నీళ్లు తాగడానికి. క్యాన్ వచ్చినా మా అత్తమ్మ మూత తీసి వాసన చూసి తల ఊపితే తప్ప ఎవరూ గ్లాసులోకి వంచకూడదు. ఫ్యాక్టరీలు వచ్చాక బావి నీళ్లు రంగు మారడం కళ్లారా చూసిన మనిషి ఆమె. అందుకే మా వీధిలో ఎవరి కడుపు చెడినా మొదటి అనుమానం నీళ్ల మీదే, మొదటి వైద్యం నీళ్లు ఆపడమే. ఆ రోజు పొద్దుటి నుంచి వాడికి విరేచనాలు. "నీళ్లు తాగుతున్నడు, నీళ్లే పోతున్నయి. జెర ఆగు బిడ్డా, కడుపు ఖాళీ అయితే అదే ఆగుతది" అంది అత్తమ్మ. వినడానికి సబబుగానే ఉంది. కానీ తాగడం ఆపినా పోవడం ఆగలేదు. లోపలికి పోని నీళ్లు బయటికి ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఆటోలో పటాన్‌చెరు ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ వాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత మెల్లగా సర్దుకుంది. ఓఆర్‌ఎస్ కలిపించి, చెంచాతో పట్టించమంటే అత్తమ్మ గిన్నె ముట్టలేదు.

"మళ్ల నీళ్లేంది మేడమ్? పొద్దుగాల్నుంచి నీళ్లే పోతున్నయి గదా."

"అవి వీడు తాగినవి కావమ్మా, వీడి ఒంట్లోవి."

పేగుల గోడల్లోనే, మెదడును అడగకుండా పనిచేసే నరాల కణాలు ఉంటాయట. తిన్నది జారడానికి కావలసినంత నీరు వదలమని పేగుకు చెప్పేవి అవే. క్రిమి చేరితే అవి రెచ్చిపోయి, కడిగెయ్యమని కబురు మీద కబురు పంపుతాయి. ఒంట్లోని నీరంతా పేగులోకి దిగిపోతుంది. "మీరు తాపకపోయినా అది పోస్తనే ఉంటది. ఉప్పు, చక్కెర కలిసిన నీళ్లు లోపలికి పోయే దారి మాత్రం తెరిచే ఉంటది. అందుకే పొయ్యాలె" అంది డాక్టరమ్మ.

అత్తమ్మ గిన్నెలోని నీళ్ల వైపు చూస్తూ అంది.

"నా తొలుసూరు బిడ్డకు గిట్లనే అయింది. రెండేండ్లు నిండలే. నీళ్లు నీళ్లని చేతులు చాపుతుండె. బావి నీళ్లు మంచిగ లేవని నేనే ఇయ్యలే. పోస్తే బతుకుతుండెనా మేడమ్?"

ఆ పిల్ల సంగతి మావారు కూడా నాకెప్పుడూ చెప్పలేదు. డాక్టరమ్మ గిన్నెలోని చెంచా తీసింది. "అప్పుడు మీకు చెప్పేటోళ్లు లేరమ్మా. ఇప్పుడు వీడికి పొయ్యండి" అని చెంచా ఆమె వేళ్ల మధ్య పెట్టింది.

ఇక అత్తమ్మ నన్ను గిన్నె ముట్టనివ్వలేదు. వాడు కక్కితే కాసేపు ఆగి మళ్లీ పోసింది. పొద్దు వాలేవేళకు వాడు ఆమె ఒడిలో ఉచ్చ పోశాడు. అది మంచి గుర్తేనని డాక్టరమ్మ అన్నాక, ఆ తడి చీరతోనే గర్వంగా ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున, తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని మా అమ్మాయి అడిగింది, వాడు మంచిగయినా నానమ్మ ఎందుకు ఏడుస్తోందని. ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను.

"మీకొక మేనత్త ఉండె. నాన్నకు అక్క. తమ్మునికి వచ్చిన జబ్బే వచ్చింది. మంచి జరగాలనే నానమ్మ నీళ్లు ఇయ్యలే."

"ఇప్పుడుంటే ఎంత పెద్దగ ఉండేది?"

"నాకన్న పెద్దగ ఉండేది. నానమ్మ మనసుల మాత్రం ఆమెకు ఇంకా రెండేండ్లు నిండలే."