రాజవ్వ ఊపిరి, డాక్టరమ్మ నోటుబుక్కు

ముప్ఫై ఏళ్ళు బీడీలు కాల్చి, ఆనక పుస్తకాలు చూసి ప్రాణాయామం పట్టినవాణ్ణి నేను. ముక్కు మూసుకునే విద్యలో నా గురువు ఒక మంగలిషాపు పాత వారపత్రిక. ఆ కథ ఇక్కడ వద్దు. సూరత్‌లో ఒక తెలుగు డాక్టరమ్మ మరమగ్గాల కార్మికులకు ఇదే నేర్పుతూ పరిశోధన చేస్తోందని తెలిసి, నా నమ్మకానికి రుజువు దొరుకుతుందని రైలెక్కాను.

ఉదయం ఐదున్నరకు ఉధ్నాలో దిగాను. డాక్టరమ్మ నేర్పే పాండేసరకు సూరత్ స్టేషన్ కంటే ఇదే దగ్గర, షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. డ్రైవరు సిరిసిల్ల మనిషి. "ఊపిరి పీల్చనీకి గింత దూరమొచ్చినవా తాతా? ఈడికన్న మీ ఊరి గాలే నయం గద," అన్నాడు. అద్దకం మిల్లుల ఘాటు ముక్కుకు తగులుతుంటే ఏం వాదిస్తాను?

ఆరింటికి, షిఫ్టుకు ముందు, డాక్టర్ సుహాసిని రేకుల షెడ్డులో చాపలు పరిచింది. దగ్గున్న కార్మికుల్లో సగం మందికి ఆమె మందులే ఇస్తోంది, మిగతా సగానికి మందులతో పాటు ప్రాణాయామం. ఏడాదిగా నెలనెలా అందరి చేతా ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఊదించి రాసుకుంటోంది. రెండు జట్లకూ తేడా తేలితేనే తోటి డాక్టర్లు ఆమె మాట వింటారు.

మందుల జట్టులోని రాజవ్వ ఊదింది. డాక్టరమ్మ అంకె చూసి మళ్ళీ ఊదించింది. "ఇంత బాగా ఎలా వస్తోందమ్మా?"

"మా ఆయన నేర్పిండు గద."

ప్రాణాయామం జట్టులో ఉన్న ఆమె భర్త ఓదెలు తల దించుకున్నాడు. "పక్కల పండుకొని ఆమె దగ్గుతుంటె, నాకొచ్చింది నేనే పెట్టుకోవాల్నా డాక్టరమ్మా?"

"మా గల్లీకంత రాజవ్వే నేర్పింది," అంది వెనక నుంచి ఒకామె, మెచ్చుకోలుగా.

రెండు జట్లూ ఒకటైపోయాయి, డాక్టరమ్మ ఏడాది శ్రమ పోయింది. నేను పెద్దరికం తెచ్చుకుని, "ఈ ముక్క రాయకపోతే సరి తల్లీ," అని గొణిగాను. డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. "వీళ్ళు నా దగ్గర దాచలేదు కదండీ," అని ఉన్నదున్నట్టు రాసింది. "మళ్ళీ మొదలుపెడతాను. ఈసారి ఒక జట్టు ఇక్కడ, ఇంకోటి దూరంగా, ఊరి అవతల పల్సానాలో."

"పల్సానాల మా చెల్లె ఉంటది," అంది రాజవ్వ.

ముందు నవ్వింది డాక్టరమ్మే. ఇక ఆపే కారణం లేదని మందుల జట్టునీ చాపల మీదికి పిలిచింది.

రుజువు లేకుండానే నమ్మి హాయిగా బతికినవాణ్ణి నేను. నమ్మకం ఉండి కూడా రుజువు కోసం మరో ఏడాది కూర్చోగల మనిషిని అక్కడ చూశాను. వెళ్ళేవాళ్ళు ఆరు లోపు, ఖాళీ కడుపుతో వెళ్ళండి. చాప మాత్రం మీదే తీసుకెళ్ళండి, అక్కడివి ఇప్పుడు చాలడం లేదు.