కుడి కన్ను కోడ్

ఆ అవ్వకు ఒక మాట చెప్పకుండా దాచాను. అప్పట్లో మార్కాపురంలోని ఒక కంటి ఆసుపత్రిలో ఆరోగ్య కార్డుల బిల్లులు కంప్యూటర్లో ఎక్కించేవాణ్ణి. శుక్లం ఆపరేషన్ కోడ్ చివర కుడి కన్నయితే ఆర్, ఎడమ కన్నయితే ఎల్ అని కొట్టాలి. వెలిగండ్ల వైపు నుంచి వచ్చిన అవ్వ ఎడమ కంటికి కట్టుతో నా ఎదురుగా కూర్చుంది. ఆ కట్టు నా కుడిచేతి వైపు కనిపించింది. కేసు షీటు చూడకుండానే ఆర్ కొట్టాను.

మరుసటి ఏడాది కుడి కంటి కోసం వస్తే, ఆ కంటికి ఆపరేషన్ ఇదివరకే అయిపోయిందంటూ కంప్యూటర్ కార్డును తీసుకోలేదు.

"నాకు తెలీకుండా ఎప్పుడు చేసినారు నాయనా, నిద్రలోనా?" అని అవ్వ నవ్వింది.

తప్పు నాదని అప్పుడే అర్థమైంది. బయటపడితే ఉద్యోగం పోతుందని, "ఈసారి కార్డు పనికిరాదవ్వా" అని మాత్రం అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. నాకేమీ అనిపించలేదు. తర్వాతి కార్డు అందుకున్నాను.

మొన్న ఆ కోడ్ సరిచేయించి వాళ్ళ ఊరు వెళ్ళాను. అవ్వ కుడి కన్ను పూర్తిగా తెల్లబడింది. ఎడమ కంటితో చూడడానికి తల పక్కకు తిప్పింది.

"ఏంది నాయనా, ఇంత దూరం వచ్చినావు?"

"ఆ రోజు నీ కార్డు బాగానే ఉందవ్వా. కోడ్ నేనే తప్పు కొట్టినా. తెలిసి కూడా చెప్పలేదు. నన్ను క్షమించు."