అనిల్‌కుమార్ వేలు దించేదాకా

జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే అనిల్‌కుమార్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, ఎదుటివాళ్ల మీద నోరు పారేసుకోవడం అసలే లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. అతను కాలేజీలో చదువుతున్నట్టు ఇంట్లో చెప్పుకున్న రోజుల్లో లండన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయిన ఇంగ్లీషు పాటలు అతని బుర్రలో దిగబడిపోయి మళ్లీ పైకి రాలేదు. వాటిని పాడినవాళ్లు కూడా ఈపాటికి మర్చిపోయి ఉంటారు. లండన్‌లో మూడోవారానికే మెట్టు దిగిన పాట జగ్గయ్యపేట మెయిన్ రోడ్డు పక్క సందులో మాత్రం ఇవాళ్టికీ నంబర్ వన్నే.

కొట్టు ముందు గదిలో, కాపురం వెనక గదుల్లో. ఆ కొట్టుకీ నాగేంద్రమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నాగేంద్రమ్మ చదివింది ఐదో తరగతే గానీ ఆవిడకు తెలియకుండా ఆ సందులోకి గ్యాస్ బండ కూడా రాదు. ఎవరింట్లో ఏ కూర తరిగారో, ఎవరి అల్లుడు అలిగి భోజనం మానేశాడో, వరండాలో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే పసిగట్టే మనిషి. అలాంటి మనిషికి దేవుడు పక్కనే అనిల్‌కుమార్‌ని పెట్టాడు. ఎదురింటివాళ్లు ఏదో రుచిగా మాట్లాడుకోవడం మొదలెట్టేసరికి గోడ అవతల మోత లేచేది. మాట సగంలో తెగిపోయి ఆవిడకు ఆ పూట అన్నం సయించేది కాదు.

అనిల్‌కుమార్ లోకంలో తారీఖులుండవు, పాటలుంటాయి. ఒకసారి నాగేంద్రమ్మ ఇంట్లో ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. అది కొని ఎన్నాళ్లయిందో గుర్తురాక ఆవిడ వంటింట్లో తనలో తను గొణుక్కుంటోంది. గోడ అవతలినుంచి సమాధానం వచ్చింది.

"మీ ఫ్రిజ్ దిగిన వారం అమెరికాలో కొత్త పాట నంబర్ వన్ కెక్కింది పిన్నిగారూ. చాన్నాళ్లు దిగలేదు."

"పాట సంగతి నాకెందుకురా. గ్యారంటీ దిగిందా లేదా అది చెప్పు."

"అది నాకు తెలీదండి."

ఆ పాటల్లో పాప్ అనేది ఒక రకం. అది ఫరవాలేదు, పండగ పూట పిల్లలు పళ్లెం మీద గరిటెతో వాయించినట్టుంటుంది. రెండోది డబ్‌స్టెప్. మొదట ఒక అమ్మాయి సన్నగా మూలుగుతుంది. పాపం ఏం కష్టమొచ్చిందోనని మనం చెవి దగ్గర పెడతాం. ఈలోగా మోత మెల్లగా పైకి పాకుతుంది, పాకి పాకి ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. అంతే, భూమి కింద ఏదో యంత్రం స్టార్టవుతుంది. ఆ స్టార్టవడాన్ని డ్రాప్ అంటారని అనిల్‌కుమార్ సందు మొత్తానికి నేర్పాడు. కొట్లో వేలాడే బకెట్లన్నీ ఒకేసారి గంటలవుతాయి. అరలో పేర్చిన గ్లాసులు అంగుళం అంగుళం నడుచుకుంటూ అంచుకొస్తాయి.

పేర్లు నోరు తిరగక నాగేంద్రమ్మే వాటికి బారసాల చేసింది. అన్నిట్లోకి చిన్న మోత మిక్సీలో మెంతులు. దానికి పై మెట్టు రంపం. అన్నిటికంటే పెద్దది, గోడల సున్నం రాలేది, బోరు లారీ. కొన్నాళ్లకు సందంతా అవే పేర్లు. ఇంగ్లీషువాళ్ల కష్టం అలా మట్టిగొట్టుకుపోయిందని అనిల్‌కుమార్ మొదట్లో బాధపడ్డాడు గానీ, తరవాత తనూ అలాగే అనడం మొదలెట్టాడు.

పాట డ్రాప్‌కి దగ్గరపడగానే అతని కుడిచేతి చూపుడు వేలు పైకి లేస్తుంది. ఆ వేలు దిగేదాకా కొట్లో వ్యాపారం లేదు. బిందె తూకంలోనే ఉండిపోతుంది, డబ్బిచ్చే చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. "ఆగండి, వస్తంది" అంటాడు. దేవుడు వస్తున్నట్టే ఉంటుంది ఆ మొహం. పెనుగంచిప్రోలు చివరి ఆటో వెళ్లిపోతోందని మొత్తుకున్న ఆడవాళ్లను కూడా ఆ వేలితో ఆపాడు. ఆటో వెళ్లిపోయింది, డ్రాప్ వచ్చింది.

కానుకల గిన్నెల మీద పేర్లు చెక్కడం కూడా ఆ కొట్లోనే. ఒక చేతిలో చెక్కే మిషను, ఇంకో చేతికి పైకెత్తిన వేలు. ఒకాయన గృహప్రవేశానికి పళ్లేలు చెక్కించుకుంటే, డ్రాప్ పడిన చోట అక్షరం తోక సాగి పళ్లెం అంచు దాకా పరిగెత్తింది. ఆయన పళ్లేలన్నీ తెచ్చి బల్ల మీద పడేస్తే, అనిల్‌కుమార్ తోకను వేలితో తడిమి మురిసిపోయాడు. రంపం పాట సరిగ్గా అక్కడే పడిందట. కొత్తవి ఉచితంగా ఇచ్చాడు, ఆ తోక పళ్లేలు మాత్రం గోడకు తగిలించుకున్నాడు.

నాగేంద్రమ్మ ఊరుకోలేదు, పోలీసుల దాకా వెళ్లింది. కానిస్టేబుల్ డేవిడ్‌రాజు వచ్చి లాఠీతో బల్ల మీద కొట్టాడు. అనిల్‌కుమార్ వేలు చూపించాడు. డేవిడ్‌రాజు ఆగాడు. బోరు లారీ వచ్చింది. చేతిలో లాఠీ దానంతట అదే వణకడం చూసి ఆయన దాన్ని చంకలో పెట్టేసుకున్నాడు. కేసు సంగతేమిటని నాగేంద్రమ్మ అడిగితే, ఇంకోసారి విని చెప్తానన్నాడు. ఆవిడ అప్పటినుంచి ప్రభుత్వం మీద ఆశ వదులుకుంది.

ఇంత మోత మధ్య ఆవిడకు అసలు బెంగ చిన్న కొడుకు కిషోర్‌బాబు. విజయవాడలో మంచి ఉద్యోగం, ముప్పై దాటినా పెళ్లి కాలేదు. కిందటేడు కోదాడ సంబంధం ఇంచుమించు కుదిరింది. వాళ్లు ఇల్లు చూసుకోవడానికి వచ్చిన రోజు అదృష్టంకొద్దీ అనిల్‌కుమార్ కుటుంబంతో సహా పెనుగంచిప్రోలు తిరనాళ్లకు వెళ్లాడు. వంటింట్లో చెంచా పడితే సందు చివర వినపడేంత ప్రశాంతం. కోదాడవాళ్లు కాఫీలు తాగి వెళ్లి, జాతకాలు కలవలేదని ఫోన్ చేశారు. అంతకుముందు చక్కగా కలిసిన జాతకాలు కోదాడ చేరేలోపల ఎలా విడిపోయాయో నాగేంద్రమ్మకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇప్పుడు నందిగామ సంబంధం వచ్చింది. బట్టల కొట్టు భవానీప్రసాద్ గారమ్మాయి. ఇదీ తప్పిపోతే ఇక తనకు సంబంధాలు చూడొద్దని కిషోర్‌బాబు తేల్చేశాడు. పిల్ల తండ్రి ఆదివారం ఇల్లు చూడ్డానికొస్తానని కబురు చేశాడు. ఆదివారమంటే అనిల్‌కుమార్‌కి వ్రతం లాంటిది. పొద్దున్నే షట్టరు సగం ఎత్తి ఒక్కో సంవత్సరం నంబర్ వన్ పాటలన్నీ వరసగా వేసుకుంటూ, ఇది ఎన్ని వారాలుంది, అది దేన్ని దింపింది అని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకుంటాడు.

నాగేంద్రమ్మ శనివారమే వెళ్లి బల్ల ముందు నిలబడింది.

"రేపు నీ కొట్లోంచి చీమ కూత కూడా రాకూడదు. నా బిడ్డ పెళ్లిరా అనిలూ."

"రేపు రెండువేల పదకొండు పిన్నిగారూ. డబ్‌స్టెప్ బాగా నడిచిన ఏడు."

"నడిచిందిగా. రేపు కూచోమను."

అతను స్పీకరు మీద తువ్వాలు కప్పి, ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

ఆదివారం పొద్దున సందు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆవిడకు మిఠాయి బండి వాడి దగ్గు కూడా వినపడింది. సంతోషంగా వంటింట్లోకి వెళ్లింది. పెద్దకోడలు దేవిశ్రీ కాఫీకి పింగాణీ కప్పులు కడుగుతోంది. పెద్దవాళ్లకు వెండి గ్లాసుల్లో ఇవ్వాలని అత్తగారంది. ఈ రోజుల్లో ఎవరిస్తారని కోడలంది. మాట కప్పుల దగ్గర్నుంచి కప్పులు కొన్నవాళ్ల దగ్గరికి, అక్కణ్నుంచి దేవిశ్రీ పెళ్లిలో పెట్టిన చీరల దగ్గరికి వెళ్లింది. నాగేంద్రమ్మ గొంతు సవరించుకుని తిరువూరులో ఉన్న దేవిశ్రీ తండ్రిని పేరు పెట్టి ఎత్తుకుంది. నాగేంద్రమ్మ భర్త రామకోటేశ్వరరావు గారు ఎప్పటిలాగే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడు బోరు లారీ స్టార్టయింది.

గోడ వణికింది. పింగాణీ కప్పు సాసరులో గిరగిరా తిరిగింది. నాగేంద్రమ్మ నోరు ఆడుతోంది గానీ తన మాట తనకే వినపడలేదు. ఒక పాటంతా అలాగే అరిచి, చివరికి చేతిలో అట్లకాడతోనే వీధిలోకి ఉరికింది.

సందు మొదట్లో నందిగామ కారు ఆగి ఉంది. స్టీలు కొట్లో స్టూళ్ల మీద భవానీప్రసాద్, ఆయన భార్య, ఆయన అక్కగారు బిక్కచచ్చి కూచుని ఉన్నారు. చేతుల్లో గోళీసోడాలు. ఎదురుగా అనిల్‌కుమార్ వేలెత్తి నిలబడ్డాడు.

"ఆగండి పిన్నిగారూ" అన్నాడు. "వస్తంది."

కాబోయే వియ్యపురాలి ముందు అట్లకాడ ఎత్తలేక, దించలేక, ఆవిడ కూడా ఆగింది. డ్రాప్ వచ్చింది. బకెట్లు మోగాయి. అక్కగారి సోడాలో గోళీ టకటకమంది. ఒకటి అయిపోగానే ఇంకోటి ఎత్తుకున్నాడు. వాళ్లకు ఏ పాట దేన్ని దింపిందో చెప్తూనే ఉన్నాడు. ఈలోగా దేవిశ్రీ మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, నవ్వుతూ గుమ్మంలోకొచ్చింది. అప్పుడు గానీ వేలు దిగలేదు.

ఇల్లు నచ్చింది. కాఫీలు వెండి గ్లాసుల్లో సగం, కప్పుల్లో సగం వచ్చాయి. వెళ్లేముందు అక్కగారు నాగేంద్రమ్మ చెయ్యి పట్టుకుంది.

"మా పిల్ల అదృష్టవంతురాలండి. అత్తాకోడళ్లు ఎంత నెమ్మదస్తులు. ఇంతసేపు పక్కనే కూచున్నామా, మీ ఇంట్లోంచి ఒక్క మాట వినపడితే ఒట్టు. ఆ పక్కకొట్టాయనకే పాపం, కొంచెం ఇదిలాగుంది."

సంబంధం ఖాయమైంది. అయినా నాగేంద్రమ్మకు కోపం చల్లారలేదు. సాయంత్రం వెళ్లి కొట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అనిల్‌కుమార్ తలెత్తకుండా ఒక బిందె తుడుస్తున్నాడు.

"చేతిలో చెయ్యేసి చెప్పావు కదరా. ఎందుకు మాట తప్పావు?"

"దేవిశ్రీ వదిన నాన్నగారి పేరు వచ్చిందండి."

"ఎక్కడొచ్చింది?"

"మీ నోటెంబడి. కారు అప్పుడే సందులోకి తిరిగింది. వాళ్లని ఇటు పిలిచి కూచోబెట్టా."

నాగేంద్రమ్మ గోడ వంక చూసింది. ఫ్రిజ్ సంగతి గుర్తొచ్చింది. తను గొణుక్కున్న మాటకే ఇవతలినుంచి బదులొచ్చిన గోడ అది. మరి అరిచిన మాటలు?

"పచ్చడి జాడీ పగిలిన రోజు..." అని ఆగింది.

"మిక్సీలో మెంతులండి. చిన్న గొడవే కదా, దానికి అది సరిపోద్ది."

"గాజులు కుదవ పెట్టిన రోజు?"

"రంపం. రెండుసార్లు పెట్టా. మాట వదిన పుట్టింటి దాకా వెళ్తే మాత్రం బోరు లారీ తప్పదు పిన్నిగారూ. రంపం ఆనదు."

బిందె మొహం చూసుకునేంతగా మెరుస్తున్నా అతను ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. నాగేంద్రమ్మ గొంతు తగ్గించింది. "కోదాడవాళ్లు వచ్చినప్పుడు నువ్వు తిరనాళ్లకి వెళ్లావు."

"అవునండి."

"ఆవేళ మేం కాఫీపొడి దగ్గర..."

"మాకు తిరిగొచ్చాక తెలిసిందండి. సందంతా చెప్పారు."

ఆవిడ స్టూలు లాక్కుని కూలబడింది. ఇన్నాళ్లూ తనకు సందు వినపడకుండా చేశాడని ఇతన్ని తిట్టింది. ఇతను చేసిందల్లా సందుకు తను వినపడకుండా చేయడం. తిట్టడానికి ఏమైనా మిగిలిందేమోనని వెతుక్కుని, చివరికి ఇలా అడిగింది.

"అయితే ఈ పాటల పిచ్చి ఉత్తదేనా?"

"పిచ్చేనండి" అన్నాడు అనిల్‌కుమార్ నొచ్చుకుంటూ. "ఆదివారాలు పిచ్చి. మిగతా రోజులు మీరే."

పోలీసు స్టేషనుకి ఆవిడ మళ్లీ వెళ్లింది, ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి. అక్కడ డేవిడ్‌రాజు సెల్లు మోగుతుంటే అందులో బోరు లారీ వినపడింది.

పెళ్లి దగ్గరపడింది. లడ్డూలు ఇంట్లో చేయించాలా, నందిగామ నుంచి తెప్పించాలా అని వంటింట్లో మాట మొదలైంది. మాట మీద మాట పడి, నాగేంద్రమ్మ నడుముకి కొంగు బిగించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గోడ అవతల ఒక అమ్మాయి సన్నగా మూలగడం మొదలెట్టింది. నాగేంద్రమ్మ నోరు మూసి చూపుడు వేలు పైకెత్తింది.

"ఆగు. వస్తంది."

దేవిశ్రీ చేతిలో జల్లెడతో ఆగింది. మోత పాకింది, పాకి ఊపిరి బిగబట్టింది. డ్రాప్ పడింది. అలమారలో గిన్నెలు ఓసారి గలగలమని ఊరుకున్నాయి. ఏ మాట మీద ఆగారో ఇద్దరికీ గుర్తురాలేదు.

"ఏ పాటత్తయ్యా ఇది?"

నాగేంద్రమ్మ చెవి రిక్కించి విని, మొహం మాడ్చుకుంది.

"మిక్సీలో మెంతులే. పెళ్లి లడ్డూల గొడవ వాడి కంటికి ఇంత చిన్నదైపోయింది చూడు."